ఎండాకాలంలో జరజరమన్న బేస్ గిటార్

ఖరీదైన ఐదు తీగల బేస్. మే నెల ఎండలు, పైగా గదిలో రాత్రంతా ఏసీ. మెడ (తీగలను వేళ్లతో నొక్కే పొడవాటి కర్ర) మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్లు. వాటిలో తల వైపున్న ఫ్రెట్ల దగ్గర లో-బి తీగ, అంటే అన్నిటికన్నా మందమైనది, జరజరమనడం మొదలైంది. షాపువాళ్లు ఫ్రెట్లు అరగదీయాలన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ తీగను మొదటి ఫ్రెట్‌లోనూ చివరి ఫ్రెట్‌లోనూ నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ మీద చూశాను. విజిటింగ్ కార్డంత సందు ఉండాల్సిన చోట తీగ ఫ్రెట్‌కి అంటుకుపోయి ఉంది. పొడిగాలికి కర్రలో తేమ తగ్గి, మెడ వెనక్కి వంగిందన్నమాట! మెడ లోపల ఉండి దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్‌ను పావు చుట్టు వదులు చేయడం, శ్రుతి చేసుకోవడం, మళ్లీ చూడడం. సందు 0.3 మిల్లీమీటర్లకు వచ్చాక ఆపేశాను. కొనేటప్పుడు కర్ర మీది గీతల అందంతో పాటు ఆ రాడ్‌ను తిప్పే నట్ చేతికి సులువుగా అందుతుందో లేదో కూడా చూడండి. 31 హెర్ట్జ్‌ల బి ఇప్పుడు గుండెల్లో మోగుతోంది. కింది ఇంటి ఆంటీగారికి కూడా.