ముందు గిన్నెలు కొలవండి, గోడలు తర్వాత

మా వంటగది 9 అడుగులకి 7. విజయవాడలో పాతికేళ్ల కిందట కట్టిన అపార్టుమెంటు. ఎల్ ఆకారంలో గట్టు, గట్టు కింద కడప బండల అరలు, పైన సిమెంటు సజ్జ. పోయినేడు ఉడ్‌వర్కు చేయించాం. వడ్రంగి మేస్త్రి వస్తూనే టేపు తీసి గోడలు కొలవడం మొదలుపెట్టాడు. నేను పక్కన నించుని తలూపాను. అక్కడే పప్పులో కాలేశాను. గోడలెటూ కదలవు, వాటినెప్పుడైనా కొలుచుకోవచ్చు. ముందు కొలవాల్సింది గిన్నెల్ని.

మీరు మేస్త్రిని పిలిచే ముందే ఒక ఆదివారం వంటింటి సామానంతా తెచ్చి హాల్లో చాప మీద పరిచేయండి. సజ్జ మీదవి కూడా దింపండి. రోజూ చేతికి తగలాల్సినవి ఒక కుప్ప: పోపుల డబ్బా, చిన్న కుక్కరు, మిక్సీ, అట్ల పెనం. వారానికోసారి తీసేవి ఇంకో కుప్ప. పండక్కో పబ్బానికో తప్ప దిగనివి, అంటే జంతికల గొట్టం, అరిసెల చెక్కలు, గుండిగలు, పెళ్లిలో పెట్టిన ఇత్తడి బిందె, ఇవన్నీ మూడోది. మా ఇంట్లో నాలుగో కుప్ప కూడా తేలింది. ఖాళీ హార్లిక్స్ సీసాలు పదకొండు, మూతల్లేని ప్లాస్టిక్ డబ్బాలు ఎన్నో లెక్కపెట్టలేదు. అత్తయ్య మధ్యాహ్నం నిద్రలో ఉండగా వాటిని సాగనంపాను. ఆ ఒక్క పనితో ఒక అర మిగిలింది, అదీ పైసా ఖర్చు లేకుండా.

ఇప్పుడు ఒక్కో కుప్పలో అన్నిటికంటే ఎత్తైనదీ, అన్నిటికంటే వెడల్పైనదీ కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి. కొలతకి పైన ఎంత వదలాలన్నది ఆ వస్తువు వాడే తీరుని బట్టి ఉంటుంది. నాకిది జాడీ నేర్పింది. మా పెద్ద ఆవకాయ జాడీ ఎత్తు 13 అంగుళాలు. అర 14 పెట్టమన్నాను, అంగుళం మిగులు చాలదా అని. జాడీ లోపలికి చక్కగా వెళ్లి కూర్చుంది. మూత తీద్దును కదా, పైకి లేవదు! కాస్త ఆవకాయ కావాలంటే అంత బరువు జాడీని రెండు చేతులతో బయటికి లాగాలి. రెండోసారి లాగుతుంటే అంచు తగిలి లామినేట్, అంటే చెక్క మీద అతికించే పల్చటి షీటు, పెచ్చు లేచింది. ఉన్నచోటే మూత తీసి వాడే వాటికి పైన చెయ్యి పట్టేంత, కనీసం నాలుగైదు అంగుళాలు, వదలండి. బయటికి తీసి వాడే గిన్నెలకి అంగుళం చాలు.

మీది కూడా పాత ఇల్లయి గట్టు కింద కడప బండలుంటే వాటిని పగలగొట్టించకండి. షాపుల వాళ్లు మొదట చెప్పేది అదే, 'అంతా తీసేసి కొత్తగా పెట్టెలు పెడదాం మేడమ్' అని. కడప బండకి చెద పట్టదు, నీళ్లకి ఉబ్బదు. దాని ముందు చెక్క ఫ్రేము బిగించి తలుపులు పెడితే సరిపోతుంది. పైగా నిలువు బండలే చాలా ఇళ్లలో గ్రానైట్‌ని మోస్తుంటాయి. వాటిని కదిపితే గట్టు చీలిపోతుంది. మధ్యలో ఉన్న అడ్డబండ మాత్రం అడ్డమనిపిస్తే తీయించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, బండల మధ్య ఖాళీ ముందు ఒకలా, వెనక ఒకలా ఉంటుంది. మా ఇంట్లో అర అంగుళం పైనే తేడా వచ్చింది. ముందు, మధ్య, వెనక మూడుచోట్లా కొలిచి, తక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోండి.

సొరుగుల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి, ఎందుకంటే చోటు గుట్టుచప్పుడు కాకుండా పోయేది ఇక్కడే. పొయ్యికి కుడిపక్క మాకు 30 అంగుళాలు ఉంది. మేస్త్రి అందులో రెండు 15 అంగుళాల సొరుగులు గీశాడు, జంటగా చూడ్డానికి బాగుంటాయని. నేను కాగితం మీద లెక్క వేశాను. 15 అంగుళాలంటే 381 మిల్లీమీటర్లు. రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, 36 పోయింది. చానెళ్లు, అంటే సొరుగు జారే పట్టాలు, పట్టడానికి వైపుకి 13 చొప్పున 26 పోయింది. సొరుగు పెట్టె పక్కచెక్కలు 12 చొప్పున ఇంకో 24. చివరికి చేతికొచ్చింది 295, అంటే 11న్నర అంగుళాల పైచిలుకు. మా కంచాలు 12 అంగుళాలవి! రెండు సొరుగుల్లో ఒక్క కంచం పట్టదు. అదే 30 అంగుళాలకీ ఒకటే సొరుగు పెడితే లోపల 26న్నర మిగులుతుంది. రెండు దొంతర్ల కంచాలు పడుకోగా పక్కన గరిటెలకి సందు కూడా దొరుకుతుంది. మేస్త్రి కాగితం తిప్పి తిప్పి చూసి, 'సరే అమ్మా, మీ ఇష్టం' అన్నాడు. వెడల్పు సొరుగు వేయిస్తే మాత్రం చానెల్ 45 కిలోలు మోసేది అడగండి, అడుగు చెక్క కూడా మందంగా ఉండాలి. స్టీలు సామాను బరువు మనకి తెలిసినట్టు వాళ్లకి తెలియదు.

రెండడుగుల లోతున్న అరలో వెనక పెట్టింది మర్చిపోయినట్టే లెక్క. అందుకే కింద వీలైనన్ని సొరుగులు, తలుపుల అరలు తక్కువ. పోపుల డబ్బాకి పొయ్యి పక్కనే, అన్నిటికంటే పైన, లోపల నాలుగంగుళాల ఎత్తున్న సొరుగు చాలు. 26 కిలోల బియ్యం బస్తాకి అరా సొరుగూ రెండూ వద్దు. ఒక తలుపు వెనక ఖాళీ వదిలి, చక్రాల పీట మీద డబ్బా పెట్టించాను. కాలితో లాగితే వస్తుంది. ఎల్ మూల దగ్గర తిరిగే బుట్టలూ అవీ చూపించారు. ధర విని వద్దనుకున్నాను. సంక్రాంతి గుండిగలు ఆ మూలలోకి తోశాను, ఏడాదికోసారి వంగడానికి నడుము ఒప్పుకుంటుంది.

పై అరలకి నా కొలత సుద్దముక్క. వంట చేసేవాళ్లు చెప్పుల్లేకుండా, మడమలెత్తకుండా గోడకి ఎదురుగా నించుని చెయ్యి చాచి గీత గీయాలి. మా ఇంట్లో మా ఆయన గీసిన గీతకీ నా గీతకీ మధ్య జానెడు తేడా. వంట నాది, గీత నాదే ఉంచాం. రోజూ తీసేది ఆ గీత దాటకూడదు. గట్టుకీ పై అరకీ మధ్య 20 అంగుళాలైనా లేకపోతే మిక్సీ జార్ మూత తీయడం కష్టం. పై అరల లోతు 12 అంగుళాలు మించితే తలకి తగులుతాయి. పప్పులు, కారం పొయ్యికి సరిగ్గా పైన పెట్టించకండి. ఆవిరికి గడ్డకడతాయి.

సిలిండరు సంగతి ఆషామాషీగా తీసుకోవద్దు. గ్యాసు గాలికంటే బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది. అందుకని ఆ అరకి తలుపు పెడితే అడుగున జాలీ ఉండాలి. పైన పెట్టి లాభం లేదు. ఆ అరలో ప్లగ్గూ స్విచ్చూ ఉండకూడదు. సింకు కింద సొరుగులు వద్దు, పైపు మరమ్మతుకి వచ్చినవాడు మొదట పీకేసేది వాటినే.

చెక్క గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్లైవుడ్డు షీటు మీద ఐఎస్ 710 అని అచ్చు ఉందో లేదో, కోయకముందే మీ కళ్లతో చూడండి. నీళ్లకి తట్టుకునే రకం అది. లోపలి లామినేట్ తెలుపు వేయించండి. వెనక మూల కూడా కనపడుతుంది, బొద్దింక తిరిగినా కనపడుతుంది.

రేటు చదరపు అడుగుకి చెబుతారు. అది ముందు కనపడే ముఖం కొలతా, లోపలి చెక్క కూడా కలిపా, చానెళ్లూ బుట్టలూ అందులో ఉన్నాయా లేవా అన్నది మొదటిరోజే కాగితం మీద రాయించుకోండి. మేము నోటిమాట మీద వెళ్లి చానెళ్ల డబ్బు వేరేగా కట్టాం. అలాగే చివరి పదోవంతు డబ్బు వెంటనే ఇవ్వకుండా, సామానంతా నింపి ఒక వారం వాడండి. మా కంచాల సొరుగు మూడోరోజే ఒకపక్క వాలింది. మేస్త్రి వచ్చి చిన్న స్క్రూలు తీసి పొడుగువి బిగించాడు, నిండు సొరుగుని పదిసార్లు లాగి చూపించాడు. టీ తాగి, మిగతా డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లాడు.