బయోసెక్యూరిటీ లెవీపై అభిప్రాయం పంపే ముందు జాగ్రత్తలు

బయోసెక్యూరిటీ లెవీ అంటే దిగుమతి సరుకుతో పురుగులు, తెగుళ్లు రాకుండా చేసే తనిఖీల ఖర్చు కోసం దిగుమతులపై వేసే రుసుము. ప్రభుత్వం దాన్ని ప్రతిపాదించి దిగుమతిదారుల అభిప్రాయం అడిగితే, లెవీని దేనిమీద లెక్కిస్తారో ముందు చూసుకోండి: కంటైనర్‌కా, టన్నుకా, సరుకు విలువకా? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 2018 నాటి ఆస్ట్రేలియా ప్రతిపాదనలో 20 అడుగుల కంటైనర్‌కు సుమారు 10 ఆస్ట్రేలియన్ డాలర్లు, కంటైనర్ లేకుండా విడిగా వచ్చే సరుకుకు టన్నుకు 1 డాలరు. (2020లో దాన్ని విరమించుకున్నారు.) టన్ను లెక్కన వేస్తే సిమెంట్ లాంటి చవక సరుకుపై భారం ఎక్కువ పడుతుంది, పురుగుల ముప్పు బరువును బట్టి రాదు కదా. మీ గత ఏడాది దిగుమతులతో లెక్కకట్టి, ఆ అంకెలు జతచేయండి.

వసూలు చేసేదెవరు, డబ్బు తనిఖీలకే వెళ్తుందా అని అడగండి.

ధరలు, కస్టమర్ల పేర్లు రాస్తే ఆ పేజీపై ‘గోప్యం’ అని గుర్తు పెట్టండి. గడువు తేదీ దాటనివ్వకండి!

లెవీని వ్యతిరేకించినా తనిఖీలే వద్దనకండి. నిల్వ ధాన్యాన్ని తినే ఖప్రా బీటిల్ అనే పురుగు పిల్లలు తిండి లేకుండా ఏళ్ల తరబడి కంటైనర్ సందుల్లో బతకగలవు.