కొత్త పోకర్ సైట్‌కి అలవాటు పడిన తీరు

ఆంధ్రలో డబ్బు పెట్టి ఆన్‌లైన్ పేకాట ఆడటం 2020 నుంచే నిషేధం. 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. తిరుపతిలో నేనాడేది డబ్బు విలువ లేని ఉత్తుత్తి చిప్స్‌తోనే (పందెం బిళ్లలు). (మా బావ రమ్మీ మనిషి, జోకర్ లేనిదీ ఒక ఆటేనా అంటాడు.) పాత సైట్ మూతపడి కొత్తదానికి మారితే మొదట ఇబ్బంది పెట్టింది రంగులు. ఫోన్‌లో ఇస్పేటు, కళావరు రెండూ నల్లగా ఒకేలా కనిపించేవి. సెట్టింగ్స్‌లో నాలుగు రంగుల పేక పెట్టాను: కళావరు ఆకుపచ్చ, డైమను నీలం. ఫ్లష్ (ఐదు ముక్కలూ ఒకే గుర్తువి) వస్తోందో లేదో ఇప్పుడు చూడగానే తెలిసిపోతుంది.

పందెం పెంచే స్లైడర్ మాత్రం మహా చిరాకు. వేలు కాస్త జారితే చిప్స్ అన్నీ మధ్యలోకి వెళ్లిపోతాయి. దాన్ని వదిలేసి, పాట్‌లో (మధ్యలో చేరిన పందెం మొత్తం) సగమెంతో చూసుకుని అంకె టైప్ చేస్తున్నాను. ప్రతి వంతుకీ ఉండే టైమర్ తొందరకి ప్రస్తుతానికి ఒక్క టేబుల్ మీదే ఆడుతున్నాను.