ఇన్వర్టరు కొనేముందు ఒకసారి పైకి చూడండి

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి కూలాయి. కరెంటు స్తంభాలూ వాటితోనే పోయాయి. జనరేటరు ఉన్న కొట్లో డబ్బులిచ్చి ఫోను ఛార్జింగు పెట్టించుకున్న రోజులవి. అందుకే చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఇన్వర్టరు కొన్నాం. 150 ఏహెచ్ బ్యాటరీ (ఏహెచ్ అంటే అది ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే కొలత), "రాత్రంతా వస్తుందమ్మా" అన్నాడు కొట్టాయన. అర్ధరాత్రి దాటీ దాటకుండానే కుయ్యికుయ్యిమని అరిచి ఆరిపోయింది.

తప్పు బ్యాటరీది కాదు, లెక్క వెయ్యకపోవడం మాది. మీరు ముందు కాగితం తీసుకోండి. బ్యాటరీ 12 వోల్టులను 150 ఏహెచ్‌తో గుణిస్తే 1800 వాట్-గంటలు. బ్యాటరీని అడుగంటా పిండకూడదు, ఇన్వర్టరు కూడా కొంత తింటుంది, కాబట్టి చేతికొచ్చేది 1300 అనుకోండి. ఇప్పుడు పైకి చూడండి. పాత ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు. మూడు ఫ్యాన్లు, 9 వాట్ల బల్బులు నాలుగు, వైఫై డబ్బాకి ఓ 10, మొత్తం 271. 1300ని దానితో భాగిస్తే అయిదు గంటలు కూడా రాదు. అదే తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే ఒక్కోటి 30 వాట్లు. మొత్తం 136కి దిగుతుంది, అదే బ్యాటరీ తొమ్మిది గంటలు లాగుతుంది. ఫ్యాను ఒక్కోటి 2,500 నుంచి 3,500 దాకా ఉంటుంది. ఇంకో బ్యాటరీ కొనడం కంటే ఇది చవక, పైగా కరెంటు ఉన్నప్పుడూ బిల్లు తగ్గుతుంది. వీటికి రిమోటు ఉంటుంది, అది లేకపోయినా గోడ స్విచ్చితో తిరుగుతుందా అని మాత్రం అడిగి కొనండి. మా అత్త రిమోటుని తలగడ కింద పెట్టుకుని పడుకుంటుంది, అడిగితే "ఏటి, నాకు చలేస్తంది" అంటుంది.

ఇన్వర్టరు సైన్ వేవ్‌దే (మామూలు ఇంటి కరెంటులా నున్నటి అలగా ఇచ్చేది) తీసుకోండి. చవకరకం స్క్వేర్ వేవ్ మీద పాత ఫ్యాన్లు రాత్రంతా జుమ్మని మూలుగుతాయి. ఇస్త్రీపెట్టె, గీజరు, మిక్సీ దాని లైనుకి తగిలించొద్దు. వారంటీ కార్డు మీద తేదీ వేయించి, ముద్ర కొట్టించి, బ్యాటరీ నంబరు ఎదురుగానే రాయించుకోండి. మాకు ఖాళీ కార్డు ఇచ్చి పంపారు, రెండేళ్ళకి వెళ్తే "ఎప్పుడు కొన్నారో మాకేం తెలుసు" అన్నారు.

బ్యాటరీని గాలి ఆడేచోట పెట్టండి. ఛార్జింగప్పుడు అంటుకునే గ్యాసు వస్తుంది, కాబట్టి దేవుడి దీపం దగ్గర వద్దు.

ఇక బ్యాటరీకి నీళ్ళు పొయ్యడం. మా ఇంట్లో ఈ పని నాదే. రెండు మూడు నెలలకోసారి ఇన్వర్టరూ, ప్లగ్గూ రెండూ ఆపేసి, గాజులు తీసి పక్కన పెడతాను. ఇనుప స్పానరు గానీ లోహపు గాజు గానీ వైర్లు బిగించే రెండు టెర్మినళ్ళకీ ఒకేసారి తగిలితే భగ్గుమంటుంది. పైన ఆరు మూతలుంటాయి, ఒక్కోదాంట్లో నీటి మట్టం చూపే పుల్ల. అది ఎర్రగీత దగ్గరికి దిగితే డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. బోరు నీళ్ళు కాదు, ఆర్వో నీళ్ళు కూడా కాదు. యాసిడ్ అసలే కాదు. చిన్న గరాటుతో కొంచెం కొంచెం పోస్తూ పచ్చగీత దగ్గర ఆపాలి. మొదటిసారి నేను అంచుదాకా పోసేశాను. ఛార్జింగు ఎక్కేసరికి లోపలి యాసిడ్‌తో కలిసి పొంగి కారింది. చీర కుచ్చిళ్ళతో తుడిచినట్టున్నాను, అప్పుడేమీ కనబడలేదు. ఉతికి ఆరేశాక చూస్తే నూలుచీర కుచ్చిళ్ళ దగ్గర జల్లెడ!

బ్యాటరీ యాసిడ్ ఆవిరికి టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పొడి కడుతుంది, మాది సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలికి ఇంకా ఎక్కువ. వైరు విప్పాలంటే ముందు మైనస్ విప్పండి. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, బిగించాక వాజలిన్ రాయండి.

తుపాను కబురు రాగానే ట్యాంకు నింపండి, ఫోన్లన్నీ ఛార్జింగు పెట్టండి. కరెంటు పోయాక అందరూ ఒకే గదిలో పడుకోండి. ఒక ఫ్యాను, ఒక బల్బు, అంతే. పగలు ఇన్వర్టరు బటన్ ఆపేస్తే, ఆ లెక్కన మా 150 రెండు రాత్రులు ఈదింది. మూడో రాత్రి మాత్రం విసనకర్రే.