చైనా టీ ఆన్‌లైన్‌లో కొనే ముందు జాగ్రత్తలు

ముందు బరువు చూడండి. ఒకరు 50 గ్రాములకు రేటు పెడతారు, ఇంకొకరు 357 గ్రాముల పూఅర్ (బిళ్లగా నొక్కి, ఏళ్లతరబడి నిల్వ ఉంచే టీ) బిళ్లకు పెడతారు. చైనావాళ్ల లెక్కలో ఒక 'జిన్' అంటే 500 గ్రాములు. పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలిపి, గ్రాముకు ఎంత పడుతుందో లెక్కగట్టాకే పోల్చండి.

ఊరు, కోత కాలం, ఏడాది రాశారా? ఉత్త "ప్రీమియం గ్రీన్ టీ" అని ఊరుకున్నవాళ్ల దగ్గర నేనైతే కొనను. లాంగ్‌జింగ్ అనే గ్రీన్ టీ అయితే హాంగ్‌జౌ నగరంలోని పశ్చిమ సరస్సు పక్కదా, అదే జెజియాంగ్ రాష్ట్రంలో మరోచోటిదా అని అడగండి. ధర అక్కడే మారిపోతుంది. ఏప్రిల్ మొదటివారంలో వచ్చే చింగ్‌మింగ్ పండక్కి ముందు కోసిన చిగుళ్లకు రేటెక్కువ. నిరుటి గ్రీన్ టీ డిస్కౌంట్‌లో వస్తే వదిలేయండి, వాసన చచ్చిపోయి ఉంటుంది.

వుయి కొండల్లో దాహోంగ్‌పావ్ అనే ఊలాంగ్ (సగం పులియబెట్టిన టీ) రకానికి మూలమైన తల్లి చెట్ల ఆకు 2006 నుంచి కోయడమే లేదు. "తల్లి చెట్టు ఆకు" అని అమ్మితే నవ్వుకుని ముందుకెళ్లండి. పాత పూఅర్ రేపర్ మీది ఏడాదినీ నమ్మకండి, కాగితం ఎవరైనా అచ్చేస్తారు.

పొడి ఆకు ఫొటో చాలదు, నానిన ఆకు చూపమనండి. లాంగ్‌జింగ్‌లో చిగురూ, ఒకటి రెండు లేత ఆకులూ విడిపోకుండా విచ్చుకున్నాయా, లేక తునకలూ కాడలేనా?

మొదటిసారి శాంపిలే తెప్పించండి. ఊలాంగ్‌ను వరసగా నాలుగైదుసార్లు నానబెట్టి చూడండి. పైపై సెంటు కొట్టినదైతే రెండోసారికే తేలిపోతుంది. నేను ఆత్రంగా ఒకసారి పూఅర్ బిళ్ల మొత్తం కొన్నాను. రేపర్ విప్పగానే తడి గోనెసంచి వాసన.