సెప్టెంబర్ గూస్ సీజన్‌లో విల్లు పట్టుకునే ముందు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన వాళ్ళలో ఇద్దరు ఈ మధ్య ఒకే మాట అడిగారు. ఇంటి వెనక చెరువు దగ్గర కెనడా గీస్ (బాతుల్లాంటి పెద్ద అడవి పక్షులు, ఒక్కదాన్ని గూస్ అంటారు) గుంపులుగా దిగి లాన్ అంతా రెట్టలు చేస్తున్నాయి, కాంపౌండ్ బో (కప్పీలున్న విల్లు) ఎలాగూ ఉంది, కొట్టొచ్చా అన్నా అని. ఇళ్ళ మధ్యలో అయితే వద్దు తమ్ముడూ, చాలా ఊళ్ళలో సిటీ లిమిట్స్‌లో బాణం వదలడమే నేరం. అక్కడ బ్రెడ్ వెయ్యడం ఆపండి, నీళ్ళ అంచున గడ్డి ఎత్తుగా పెరగనివ్వండి, కుక్కతో తరిమించండి.

పొలం ఉన్న వాళ్ళ పర్మిషన్ దొరికితే అప్పుడు వేరే సంగతి. ఇవి 1918 నాటి వలస పక్షుల చట్టం కింద రక్షణ ఉన్న పక్షులు, కాబట్టి స్టేట్ లైసెన్స్, హిప్ రిజిస్ట్రేషన్ (వలస పక్షుల వేటగాళ్ళ సర్వే కోసం పేరు నమోదు), 16 ఏళ్ళు నిండితే 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ (నీటి పక్షుల వేటకి కావలసిన స్టాంప్), అన్నీ చేతిలో ఉండాలి. మొక్కజొన్న గింజలు చల్లి రప్పించడం అస్సలు కుదరదు, చల్లినవి పూర్తిగా ఎత్తేశాక కూడా 10 రోజులు ఆ చోటు బెయిట్ (ఎర) వేసినట్టే లెక్క, వేరే ఎవరో చల్లినా మీరే వెళ్ళి చూసుకోవాలి.

ఇక అసలు విషయం. పోయినేడు నేను 30 గజాల నుంచి తొందరపడి వదిలాను, బాణం రెక్కకి తగిలింది, అది ఈదుకుంటూ చెరువు మధ్యకి పోయింది, దాని జత ఒడ్డునే నిలబడి అరుస్తూనే ఉంది. పడవ తెచ్చుకుని పట్టుకునేసరికి ముప్పావు గంట పట్టింది, ఆ అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అందుకే చెప్తున్నా, 15 గజాలు, మహా అయితే 20, అంతకు మించి వద్దు. నేల మీద కదలకుండా పక్కకి తిరిగి నిలబడిన పక్షినే చూసుకోండి, రెక్క ఒంటికి కలిసే చోట గురి పెట్టండి, గుండె ఊపిరితిత్తులు అక్కడే ఉంటాయి. ఎగిరే దాని మీద, నీళ్ళలో దూరంగా ఉన్న దాని మీద వదలొద్దు. వెనకాల ఇంకో పక్షి ఉంటే ఆగండి, బాణం ఒకదాన్ని దాటి రెండోదాన్ని గాయపరుస్తుంది.

మెడ కోసే పెద్ద బ్లేడ్ల బ్రాడ్‌హెడ్ (వేటకి వాడే బాణం ములికి) వాడే వాళ్ళు పొడుగు బాణాలే తీసుకోండి, పొట్టి బాణం అయితే విల్లు లాగినప్పుడు ఆ బ్లేడ్లు మీ చేతి దగ్గరకి వచ్చేస్తాయి. ప్రాక్టీస్ కూడా వేటకి వాడే మోడల్‌తోనే చెయ్యండి, మామూలు ఫీల్డ్ పాయింట్ (ప్రాక్టీస్‌కి వాడే బ్లేడ్లు లేని మొన) వెళ్ళిన చోటికి బ్రాడ్‌హెడ్ వెళ్ళదు.

తగిలాక ఇంకా ప్రాణం ఉంటే ఒక్క క్షణం కూడా చూస్తూ నిలబడొద్దు, వెంటనే రెండో బాణం. నీళ్ళ దగ్గర అయితే వెళ్ళే ముందే పడవో, వెతికి తెచ్చే కుక్కో రెడీగా ఉండాలి.

బర్డ్ ఫ్లూ ఉంది కాబట్టి గ్లవ్స్ లేకుండా ఈకలు పీకకండి, మాంసం లోపల 165 ఫారెన్‌హీట్ వచ్చేదాకా ఉడకాలి. మెడ వంకర తిప్పుతూ తూలుతున్న పక్షి కనిపిస్తే దాని మీద బాణం వెయ్యకండి, ముట్టుకోకండి, స్టేట్ వైల్డ్‌లైఫ్ వాళ్ళకి ఫోన్ చేసి చోటు చెప్పండి.