స్పెషలిస్ట్ డాక్టర్లు సోషల్ మీడియాని ఎలా వాడుకోవాలి?

ముందు సొంత అకౌంట్, వృత్తి అకౌంట్ వేరు చేయండి. తోటి డాక్టర్లతో చర్చకు ఎక్స్, ఉద్యోగ పరిచయాలకు లింక్డ్‌ఇన్, జనానికి వివరించాలంటే యూట్యూబ్ నయం. మొదట్లో ఊరికే చదవండి: కిడ్నీ డాక్టర్లు 2014లో మొదలుపెట్టిన నెఫ్‌జేసీ అనే ఆన్‌లైన్ చర్చల్లో ఒక్కో పరిశోధన పత్రాన్ని ఎలా చీల్చి చెండాడతారో చూస్తే పద్ధతి అర్థమవుతుంది.

రోగి కేసు గురించి పోస్ట్ పెట్టేటప్పుడే అసలు టెన్షన్. పేరు తీసేస్తే సరిపోదు, స్కాన్ మూలన ఉండే తేదీ, ఐడీ నంబరు, ఒంటి మీది పచ్చబొట్టు, చివరికి అరుదైన జబ్బు, వయసు కలిసినా మనిషిని పట్టేయొచ్చు. అందుకే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, స్కాన్ అంచులు కత్తిరించండి, చూసిన రోజే పోస్ట్ చేయకండి. ఇన్‌బాక్స్‌లో రిపోర్టు పంపి మందు అడిగేవాళ్లని (అడుగుతారు, తప్పదు) దగ్గర్లోని డాక్టర్‌కి నేరుగా చూపించుకోమనండి. కంపెనీ డబ్బులిచ్చిన మందు గురించి మాట్లాడితే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేయండి.